కర్కేజా మోసిన ఫెలిస్మీనా

ఫెలిస్మీనా తన వీధి ఆడవాళ్ళని మొహాలతో కాదు, మడమలతో గుర్తుపట్టేది. ఆదివారం గుళ్ళో ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే ఒక్క క్షణం తడబడి, చూపు కిందికి దించి, ఆ తర్వాతే పేరు పెట్టి పిలిచేది. గ్రసిండా కుడి మడమకి అడ్డంగా ఒక పాత గాటు. ఎటెల్వీనా మడమలు మాడిన జొన్నరొట్టె పెంకులా నెర్రెలిచ్చి ఉండేవి. ఇంకెవరికీ తెలియని ఈ విద్య ఆమెకి ఎలా అబ్బిందంటే, పదకొండో ఏట నుంచి ఆమె చూసిన లోకమంతా రెండు మూరల రాతిబాట, ముందు నడిచే మనిషి మడమలు. అంతే. మిగతాదంతా మోపు కప్పేసేది.

ఆ మోపు కర్కేజాది. దోరు నదికి ఎగువన, ఎందుకూ పనికిరాని కొండల మీద అడుగడుగునా మొలిచే చిన్న పొద అది. పసుప్పచ్చ పువ్వు పూస్తుంది, ఎండితే నిప్పు చూపించడమే ఆలస్యం, భగ్గుమంటుంది. పోర్తో నగరంలో ఏ రొట్టెల కొట్టు పొయ్యి అంటుకోవాలన్నా కర్కేజా కావాలి. పడవలు దాన్ని కొండల్లా పేర్చుకుని రెండు రోజులు ప్రయాణం చేసి రైలు వంతెన దాటి, కొర్తిసైరా ఎక్కుడు అడుగున ఆగేవి. అక్కడి నుంచి పై గట్టు మీదున్న ఫొంతైన్యాస్ పేట దాకా బాట నిటారుగా గోడకి నిచ్చెన వేసినట్టు ఉంటుంది. ఆ బాట మీద కంచరగాడిదల్ని తోలి చూశారు ఒకప్పుడు. ఒక గాడిద కాలు జారి చచ్చింది. దాని యజమాని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళని పెట్టారు. ఆడమనిషి పడితే నెత్తి కొట్టుకోవలసిన యజమాని ఎవరూ ఉండరు.

ఈ ఊరివాళ్ళకి గొప్పలు జాస్తి. ఎప్పుడో ఐదువందల ఏళ్ళ కిందట యుద్ధానికి వెళ్ళే ఓడలకి మంచి మాంసమంతా ఇచ్చేసి, తాము పేగులు వండుకు తిన్నామని ఇప్పటికీ రొమ్ము విరుచుకుంటారు. ఆ పేగుల కూరే ఊరికి పేరై కూర్చుంది. ఒక రాజుగారి గుండెని గాజు జాడీలో పెట్టి, గుళ్ళో తాళం మీద తాళం వేసి దాచుకున్న ఊరు ఇది. ఊరి కోసం ఆయన ముట్టడిలో నిలబడ్డాడట, అందుకని. మంచిదే. ఊరి పొయ్యిలు వెలిగించిన వెన్నుపూసల్ని మాత్రం ఎవరూ జాడీలో పెట్టలేదు. పెడదామన్నా ఏ జాడీలోనూ పట్టే ఆకారంలో ఉండేవి కావవి.

ఇది వెటకారానికి అన్న మాట కాదు. ఫెలిస్మీనా తల్లి కూడా కర్కేజా మోసిన మనిషే. ఆమె పోయినప్పుడు శవాన్ని పెట్టెలో వెల్లకిలా పడుకోబెడితే తల, కాళ్ళు పైకి లేచాయి. మూత పడలేదు. వడ్రంగి అటూ ఇటూ చూసి, చివరికి పక్కకి తిప్పి పడుకోబెట్టాడు, నిద్రపోతున్న పసిపిల్లలా. ఫెలిస్మీనా అప్పుడు ఇరవై ఏళ్ళది, కడుపుతో ఉంది. మర్నాటి నుంచి మళ్ళీ మోపు ఎత్తుకుంది. కానీ ఆ వారంలోనే పక్కింటి ఎటెల్వీనాతో అంది:

"వదినా, నాకు ఆడపిల్ల పుడితే అది కర్కేజా ముట్టదు."

"ముట్టక? మహారాణీగారి పక్కన కూచుని మేజోళ్ళు అల్లుద్దా?"

"ఏవైనా చేసుకోనీ. చచ్చినప్పుడు పెట్టెలో తిన్నగా పడుకోవాలి. నాకంతే చాలు."

పుట్టింది ఆడపిల్లే. జుల్మీరా అని పేరు పెట్టారు. ఫెలిస్మీనా భర్త బెర్నార్దీను రేవులో బస్తాలు దించే కూలీ. నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది. 1899 వేసవిలో రేవు పక్క సందుల్లో ప్లేగు మొదలైంది. ఊరి చుట్టూ సైనికుల్ని నిలబెట్టి, లోపలివాళ్ళని బయటికి పోనివ్వకుండా, బయటివాళ్ళని లోపలికి రానివ్వకుండా బిగించారు. బెర్నార్దీను నాలుగు రోజుల్లో పోయాడు. ఇంట్లో గుడ్డలూ గడ్డి పరుపూ వీధిలో పోసి తగలబెట్టారు, తలుపుకి సున్నం పూసి ముద్ర వేశారు, ఫెలిస్మీనాని ఊరి బయట ఆసుపత్రిలో విడిగా పెట్టారు. ఆ ఇంటి పిల్లని ముట్టుకోవడానికి భయపడి వీధివీధంతా తలుపులు మూసుకుంటే, ఎటెల్వీనా ఒక్కతే ఏడేళ్ళ జుల్మీరాని చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది. నలభై రోజులు తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. "పోతే ఇద్దరం పోతాం, ఖర్చు కలిసొస్తది" అందట అడిగినవాళ్ళతో.

ఆ పిల్ల పదిహేనో ఏట నది అవతలి ఒడ్డున, గాయా అనే ఊళ్ళో, ఒక వైన్ గోదాములో సీసాలు కడిగే పనికి కుదిరింది. ఆ పని కోసం ఫెలిస్మీనా ఎంతమంది గుమ్మాలు తొక్కిందో లెక్కలేదు. గోదాము మేస్త్రీ భార్యకి ఏడాది పాటు ఊరికే కర్కేజా మోసి పోసింది. పొద్దున్నే జుల్మీరా ఇనప వంతెన కింది బాట మీదుగా నది దాటిపోతుంటే, ఫెలిస్మీనా రేవులో మోపు ఎత్తుకోబోతూ ఒక్కసారి తల ఎత్తి అటు చూసేది. ఆ తర్వాత సాయంత్రం దాకా తల ఎత్తే వీలుండేది కాదు.

ఇక్కడ కొర్తిసైరా ఆడవాళ్ళ కట్టుబాట్లు రెండు చెప్పాలి. అవి తెలియకపోతే జరిగింది అర్థం కాదు.

మొదటిది వరుస. ఒక్కొక్క పడవకీ పన్నెండుమంది. ఎవరి వరుస వాళ్ళదే. కానీ ఒక పడవకి రాలేకపోతే ఆ వరుస పోయినట్టే. గోడ మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కూచుని ఎదురు చూస్తూ ఉండేవాళ్ళు, అల్లిక అల్లుకుంటూ. జ్వరమొచ్చినా, కాన్పైనా, గోడ మీంచి ఒకతి దిగి ఆ చోట నిలబడేది. దిగినదాన్ని ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. ఆమె ఇంట్లోనూ ఆకలే.

రెండోది, ఎక్కుట్లో వెనక్కి తిరగకూడదు. ఎవరు పడ్డా, ఎలా పడ్డా సరే. ఒకసారి మోపుతో తిరిగి చూసిన ఒకామె తానూ దొర్లి, కిందున్న ఇద్దర్ని దొర్లించింది. ముగ్గురూ పోయారు. అప్పటి నుంచి ఒక అలవాటు ఏర్పడింది. వెనక మోపు పడ్డ చప్పుడైతే పైనున్న మనిషి ఆగకుండా, తిరక్కుండా ఒక తిట్టు విసురుతుంది. పడినామె బదులు తిట్టాలి. తిట్టిందంటే బతికుంది, ఒళ్ళు దులుపుకుని లేస్తుంది, పర్వాలేదు. బదులు రాకపోతే పైకి చేరి మోపు దించి పరుగున దిగుతారు. ఫొంతైన్యాస్ మీద కాపురముండే పెద్దమనుషులు కిటికీలు మూసుకుంటూ, ఈ కర్కేజా ఆడవాళ్ళ నోళ్ళు ఎంత పాడు నోళ్ళో అనుకునేవారు. ఆ తిట్లు ఒకరి ప్రాణం ఒకరు తడిమి చూసుకోవడమని వాళ్ళకెవరు చెబుతారు?

ఎటెల్వీనా బదులు వాళ్ళందరిలోకీ పేరుపడ్డది. గొంతు బొంగురు, ఎప్పుడు పడ్డా అదే మాట: "మీ అమ్మమ్మ నడుం అరువు తెచ్చా, అదే విరిగింది!"

1909 డిసెంబరులో మూడు వారాలు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. నది బురదపాలలా మారింది. మొదట రెల్లు, ఎండుగడ్డి కొట్టుకొచ్చాయి. తర్వాత గుమ్మడికాయలు, ఖాళీ పీపాలు. ఆ తర్వాత ఒక పశువుల కొట్టం కప్పు, దాని మీద రెండు కోళ్ళు. రేవులో ముసలమ్మలు గోడ మీద పాత వరద గీతలు చూపించి, ఇంతకంటే పెరగదని ఒకరూ, పెరుగుతుందని ఒకరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనిచేశారు. ఎప్పుడో నూరేళ్ళ కిందట ఫ్రెంచి సైన్యం తరుముకొస్తే పడవల వంతెన మీద పరిగెత్తి జనం జనమంతా మునిగిపోయిన చోట, నదిలో పోయిన ఆత్మల పేరిట వెలిగే కొవ్వొత్తులు ఆ వారం రెట్టింపయ్యాయి.

క్రిస్మస్ నాలుగు రోజుల్లో పడింది. పండక్కి రొట్టెలవాళ్ళ పొయ్యిలు ఆరకూడదు. పడవవాడు అనాక్లేతు ఎగువ నుంచి చివరి మోపుల్ని ఎలాగో తెచ్చి, పడవని మూడు తాళ్ళతో ఎక్కుడు అడుగున కట్టాడు. పొద్దున్నే పన్నెండుమందీ చేరారు. కర్కేజా తడిసి ముద్దయి ఉంది. తడిస్తే మోపు రెండు మోపుల పెట్టు.

ఎటెల్వీనా ఒక పక్కన నిలబడి వణికిపోతోంది.

"ఏంటే వదినా, పళ్ళు టకటకలాడిస్తున్నావ్? పండక్కి పాట నేర్చుకుంటున్నావా?" అంది ఫెలిస్మీనా.

"పళ్ళెక్కడివే నాకు, ఉన్నవి రెండు. పాపం ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయ్."

"మాటలు తర్వాత తల్లులారా!" అనాక్లేతు అరిచాడు. "కింది మెట్టు మింగేసింది చూడండి. మధ్యాహ్నం లోపల ఖాళీ అవ్వకపోతే మోపులు నదిలో తోసేసి పడవ పైకి లాక్కుపోతా. పడవ బతకాలి నాకు."

"మేం చచ్చినా పర్లేదన్నమాట," అంది గ్రసిండా.

"నువ్వు చస్తే నీలాంటిది గోడ మీద ముగ్గురున్నారు గ్రసిండా. పడవ చస్తే గోడ మీద ఇంకోటి లేదు."

అందరూ నవ్వారు. అనాక్లేతు చెడ్డవాడేం కాదు. ఉన్న మాట అన్నాడు.

ఫెలిస్మీనాది మొదటి వరుస. తల మీద చుట్టకుదురు సర్దుకుని వంగింది. అనాక్లేతూ గ్రసిండా చెరోవైపూ పట్టి మోపు ఎత్తి వీపు మీదికి, తల మీదికి వాల్చారు. ఒక్కసారి లోకం మూసుకుపోయింది. చల్లటి నీళ్ళు మెడ మీంచి వీపంతా కారాయి. ఆమె నడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఆమెకి తెలియదు. జుల్మీరా పరుగెత్తుకుంటూ రేవులోకి వచ్చింది.

"గోదాములోకి నీళ్ళొచ్చేశాయి అత్తా, ఇళ్ళకి పొమ్మన్నారు. అమ్మేదీ?"

"ఇప్పుడే ఎక్కింది," అంది ఎటెల్వీనా. అని, తన మోపు దగ్గరికి రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలబడింది.

గోడ మీద ఒకామె అల్లిక పక్కన పెట్టి శాలువా ముడి విప్పింది. జుల్మీరా అది చూసింది.

"అత్తా, ఆ కుదురు ఇటియ్యి."

"పిచ్చా నీకు? మీ అమ్మ నన్ను నదిలో తోసి పైన రాయేస్తుంది."

"అమ్మ వెనక్కి తిరగదుగా. నీది ఆఖరి వరుస, నా వెనక ఎవరూ ఉండరు. ఒక్కసారి ఎక్కి దిగొస్తా. నీ చోటు నీకుంటది."

"వద్దే తల్లీ."

"చోటు పోతే ఏం తింటావు? ఇటియ్యి."

ఎటెల్వీనా ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని తర్వాత ఆమే చెప్పుకుంది, చెప్పుకున్నన్నాళ్ళూ. జుల్మీరా చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. అనాక్లేతు ఆ పిల్ల మొహం చూశాడు, నదిని చూశాడు. "పొడుగు పెరిగావే ఎటెల్వీనా," అని మాత్రం అని, మోపు ఎత్తి పెట్టాడు.

ఫెలిస్మీనా అప్పటికి మూడో వంతు ఎక్కింది. ఆ బాటలో ఆమెకి రాళ్ళన్నీ తెలుసు. పగిలిన రాయి, దాని తర్వాత నున్నటి రాయి, దాని తర్వాత ఇనప కడియం బిగించిన గోడ. బురద పేరుకుని ఆ రోజు రాళ్ళకి ఆనవాలు లేదు. కాలివేళ్ళని కొక్కేల్లా రాళ్ళ సందుల్లో గుచ్చి ఎక్కుతోంది. సగం దాటాక వెనక, చాలా కింద, చప్పుడైంది. ఎండు మోపు పడితే గలగలమంటుంది. తడి మోపు పడితే చెట్టు విరిగినట్టుంటుంది. ఇది చెట్టు విరిగిన చప్పుడు.

ఆఖరి వరుస. ఎటెల్వీనా. ఫెలిస్మీనా ఆగకుండానే గొంతెత్తింది.

"ఎవతే అదీ, నడుం ఇంట్లో మర్చిపోయొచ్చిందీ?"

బదులు లేదు. రెండు అడుగులు వేసింది. మూడోది వేసింది.

అప్పుడు కింద నుంచి బొంగురుగా వినిపించింది: "మీ అమ్మమ్మ నడుం అరువు తెచ్చా, అదే విరిగింది!"

బాట పొడుగునా మోపుల కింద నుంచి ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఫెలిస్మీనా కూడా నవ్వింది. "ముసల్ది ఇంకా పదేళ్ళు బతుకుద్ది," అనుకుంటూ ఎక్కింది.

పైన ఫొంతైన్యాస్ గట్టు మీద గొడుగులు వేసుకుని జనం కిటకిటలాడుతున్నారు, వరద చూడ్డానికి. జూన్‌లో సెయింట్ జాన్ పండక్కి సార్డీన్ చేపలు కాల్చుకుంటూ, వెల్లుల్లి కాడలతో ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు కొట్టుకుంటూ చేరే జనం కంటే ఎక్కువ ఉన్నారు. ఫెలిస్మీనాకి కనబడింది మెరిసే బూట్లు, గౌను అంచులు. "కాస్త పక్కకి జరుగమ్మా, నది కనబళ్ళేదు," అని ఒక బూట్ల జత అంది. ఆమె పక్కకి జరిగింది. ఆ గట్టు మీద నిలబడ్డ వందలమందిలో ఒక్కరైనా నదిని కాకుండా కాళ్ళ కింది ఎక్కుడుని చూసుంటే సంగతి వేరేగా ఉండేది.

ఆ రోజు అందరి మోపులూ చేర్చవలసిన కొట్టు ఊరికి ఆ చివర. మోపు దించి, రొట్టెలాయన పొయ్యి దగ్గర చేతులు కాచుకుని, ఆయన భార్య ఇచ్చిన వేడి జొన్నరొట్టె ముక్కని రవికలో దాచుకుని తిరిగి బయల్దేరేసరికి గంట పైన గడిచింది. మిగతావాళ్ళని పొయ్యి దగ్గరే వదిలి, ఆమె ఒక్కతే గట్టు మీదికి వచ్చేసరికి మరో అరగంట.

దిగేటప్పుడు మోపు ఉండదు కాబట్టి తల ఎత్తి నడవచ్చు. నది రేవుని మింగేసింది. అనాక్లేతు పడవ ఎక్కుడు మీదికే లాగి కట్టుంది. బాగా కిందికి దిగాక, రేవు నుంచి కనబడని మలుపులో, గోడ వారగా, ఒక మోపు అడ్డంగా పడుంది. దాని కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

ఫెలిస్మీనా అలవాటు కొద్దీ మడమలు చూసింది. అవి ఎటెల్వీనావి కావు. గ్రసిండావి కావు. వాటికి ఒక్క పగులు లేదు. అలాంటి మడమలు ఆ ఎక్కుట్లో ఎవరికీ లేవు. ఎవరివో తోచక ఆమె ఒక నిమిషం అలాగే నిలబడింది.

"తిట్టకమ్మా," అన్నాయి ఆ పాదాలు.

ఆమె మోపు లాగి అవతల పడేసింది. జుల్మీరా పెదాలు నీలంగా ఉన్నాయి.

"లే."

"లేవలేను. ఈ కాలు నాది కానట్టుంది."

"అక్కడెక్కడో పలికింది... నువ్వా?"

"ఊఁ."

"ఎందుకు పలికావే? పలక్కపోతే నేను దిగొచ్చేదాన్ని కదే! ఎప్పుడో దిగొచ్చేదాన్ని! ఎందుకు పలికావ్?"

"నీకు తెలిస్తే తిడతావని."

ఫెలిస్మీనా తిట్టలేదు. జుల్మీరాకి ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది అందుకే.

నీళ్ళు పెరిగేసరికి రేవులోవాళ్ళు పక్కసందు పట్టి ఎప్పుడో పోయారు, చుట్టుపక్కల ఎవరూ లేరు. కింద నీళ్ళు. ఫెలిస్మీనాకి ఒక మనిషిని మోయడం అంటే ఒకటే తెలుసు. వంగి, కూతుర్ని వీపు మీదికి లాక్కుని, చేతులు తన మెడ చుట్టూ వేయించి, లేచింది. పిల్ల ఒక్క కేక పెట్టి ఊరుకుంది. తడి మోపు కంటే తేలిగ్గా ఉంది, సగం కూడా లేదు. ఎక్కుడు సాంతం ఎక్కించి, జనం మధ్య నుంచి దారి చేసుకుని, ఎముకలు కట్టే ముసలాయన ఇంటి దాకా అలాగే మోసుకుపోయింది.

ఆయన తుంటి మీద వేళ్ళు పెట్టి చాలాసేపు తడిమాడు.

"ఎలా తెచ్చావమ్మా?"

"వీపు మీద."

"తలుపు చెక్క మీద, కదలకుండా కాదా?"

"వీపు మీద," అంది ఫెలిస్మీనా మళ్ళీ.

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

కాలు నాలుగు వేళ్ళ మేర పొట్టిదై అతుక్కుంది. తుంటి పక్కకి తిరిగింది. జుల్మీరా నడవడం మళ్ళీ నేర్చుకునేసరికి బాదం చెట్లు పూసి రాలాయి. గోదాములో సీసాలు కడగాలంటే రోజంతా తడి రాతి మీద నిలబడాలి. మేస్త్రీ భార్య గుమ్మంలోనే మాట్లాడి పంపేసింది. ఎటెల్వీనా చోటు ఎటూ ఆమెకి దక్కలేదు. ఆ మధ్యాహ్నం రెండో ఎక్కుడుకి గోడ మీదామె దిగి నిలబడింది. ఎటెల్వీనా రోజూ కర్ర పట్టుకుని వచ్చి జుల్మీరా మంచం పక్కన కూచునేది. ఈస్టరు ముందటి ఉపవాసాలు మొదలవకముందే పోయింది. పెట్టె మూత పెట్టడానికి పక్కకి తిప్పాల్సొచ్చింది.

ఫెలిస్మీనా ఒక పడవ కాదు, రెండు పడవలకి మోయడం మొదలెట్టింది. కూతురు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఇద్దరికీ తానే మోస్తానంది. 1910 అక్టోబరులో రాజు ఓడెక్కి పారిపోయాడు, రిపబ్లిక్ వచ్చింది. పోర్తోకి అది పాత ప్రేమ. ఇరవై ఏళ్ళ కిందటే తొందరపడి తిరగబడి, తూటాలు తిని కూచున్న ఊరు. జనం వీధుల్లో టోపీలు ఎగరేశారు. రొట్టెల కొట్టు బోర్డు మీద కిరీటం బొమ్మ చెరిపి కొత్త జెండా పచ్చా ఎరుపూ రంగులేశారు. ఆ కొట్టుకి ఫెలిస్మీనా మర్నాడు కూడా మోపు తెచ్చి దించింది. ఆమె మోకాలు ఒకటి ఆ చలికాలంలో వాచి, తర్వాత తగ్గనేలేదు.

ఒకరోజు అనాక్లేతు ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పడవలో మోపులు కట్టి, ఎత్తి పెట్టే మనిషి కావాలి. నా భుజం పడిపోయింది. కూచుని చేసుకోవచ్చు, లేచి నిలబడాల్సింది ఎత్తేటప్పుడే. అమ్మాయి చేతులు గట్టివి."

"ఆ రోజు మోపు ఎత్తి పెట్టింది నువ్వే కదయ్యా," అంది ఫెలిస్మీనా.

"నేనే. అందుకే వచ్చా."

"పో."

అతను పోయాడు. జుల్మీరా గోడ పట్టుకుని లేచింది.

"నే వెళ్తానమ్మా."

"కర్కేజా ముట్టుకోవు నువ్వు."

"ముట్టుకోక ఇక్కడ కూచుని ఏం ముట్టుకోమంటావు? నీ మోకాలికి రాత్రీ పగలూ వేణ్ణీళ్ళ గుడ్డ ముట్టుకోనా?"

"నే బతికుండగా జరగదది."

"నువ్వు బతికుండాలనే వెళ్తానంటున్నా. రెండు పడవలు మోస్తే ఇంకెన్నాళ్ళుంటావు? ఏడాది? నువ్వు పోయాక నన్నెవరు మోస్తారు, అనాక్లేతా?"

ఫెలిస్మీనా చేతిలో ఉన్న సూప్ గిన్నెని గోడకేసి కొట్టింది. క్యాబేజీ ఆకులు గోడకంటుకుని మెల్లగా కిందికి జారాయి. జుల్మీరా కుంటుకుంటూ వెళ్ళి ముక్కలు ఏరింది. వారం రోజులు తల్లీ కూతుళ్ళు ఒకే గదిలో ఉండి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. సోమవారం ఫెలిస్మీనా లేచేసరికి పక్క ఖాళీగా ఉంది.

రేవులో పొగమంచు ఇంకా విడలేదు. అనాక్లేతు పడవ అంచు మీద, ఒక బోర్లించిన పీపా మీద జుల్మీరా కూచుని తాడు బిగిస్తోంది. మిగతా పదకొండుమందీ నిలబడి ఫెలిస్మీనా వైపు చూశారు. గ్రసిండా చేతుల్లో కుదురు తిప్పుకుంది.

ఫెలిస్మీనా తిన్నగా అనాక్లేతు దగ్గరికి వెళ్ళింది.

"ఎత్తు."

"నా భుజం పనిచెయ్యదమ్మా. ఎత్తే మనిషి అక్కడుంది."

ఒక పడవ వచ్చి పక్కన ఆగింది, దాని తాడు ఎవరో విసిరారు, ఎవరో పట్టుకున్నారు. తర్వాత ఆమె చుట్టకుదురు తల మీద పెట్టుకుని, పడవ దగ్గరికి నడిచి, కూతురి ముందు వీపు తిప్పి వంగింది.

జుల్మీరా లేచి నిలబడి, మంచి కాలి మీద బరువు ఆనించి, మోపు ఎత్తి పెట్టింది. ఫెలిస్మీనాకి వెంటనే తెలిసింది.

"ఇది తేలిగ్గా ఉంది."

"సరిపోద్దిలే అమ్మా."

"ఇంకో రెండు పట్లు కర్కేజా వెయ్యి."

"అమ్మా..."

"నాకు తేలిక మోపు కట్టావంటే, రేపు గోడ మీదవాళ్ళు అనాక్లేతుకి చెప్తారు. ఎల్లుండి నీ చోట ఇంకోతి కూచుంటది. అందరూ చూస్తున్నారు. వెయ్యి."

జుల్మీరా రెండు పట్లు వేసింది. ఒక్క క్షణం ఆగి, మూడోది కూడా వేసి, తాడు లాగి కట్టింది. ఫెలిస్మీనా మోకాలు ఒకసారి వణికి నిలదొక్కుకుంది. మొదటి రాయి మీద కాలు పెట్టింది, దాని తర్వాతి దాని మీద పెట్టింది. వెనక నుంచి కూతురి గొంతు వినిపించింది, ఎప్పుడూ ఆ పనిలోనే ఉన్న మనిషి గొంతులా:

"రండి, తర్వాత ఎవరు?"